పేరంటాలి చీర

మా ఇంట్లో దేవుడి గూడు ఒకటి, పేరంటాలి గోడ ఒకటి ఉండేవి. గూట్లో దేవుళ్ళందరూ ఇరుకిరుగ్గా సర్దుకుని కూర్చునేవాళ్ళు. పేరంటాలికి మాత్రం వంటింటి పక్క గోడ మొత్తం ఇచ్చేసింది మా అమ్మ. భర్త ఉండగా పోయిన ముత్తైదువని మా వైపు పేరంటాలంటారు. అలా పోయినవాళ్ళు ఇంటిని కనిపెట్టుకుని ఉంటారని నమ్మకం. ఏటా శ్రావణమాసంలో ఒక శుక్రవారం అమ్మ ఆ గోడకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందు పీట వేసి, దాని మీద కొత్త చీర, రవికల గుడ్డ, గాజులు ఉంచేది. పులిహోర, బూరెలు నైవేద్యం. కొబ్బరికాయ కొట్టి, మా చేత దణ్ణాలు పెట్టించి, కోరికలు కోరుకోమనేది. నేను లెక్కల పరీక్ష పాసవ్వాలని కోరుకునేదాన్ని. పాసయ్యేదాన్ని కూడా.

మా ఇంటి పేరంటాలు మా నాన్న మొదటి భార్య. నాన్నకి అమ్మ రెండో సంబంధమన్న సంగతి ఇంట్లో ఎవరూ దాచలేదు. మొదటావిడ పెళ్ళయిన కొత్తల్లోనే జ్వరమొచ్చి పోయిందని, పిల్లల్లేరని చెప్పి మా అమ్మని అడిగారు. అమ్మమ్మది గోదావరికి అవతల, పట్టిసీమ దగ్గర పల్లెటూరు. మాది ఇవతల, రాజమండ్రికి దిగువన కాలవ గట్టు మీద ఊరు. మధ్యలో గోదావరి ఉంటే చాలు, ఇటు సంగతి అటు, అటు సంగతి ఇటు సగం మునిగిపోయి చేరేది ఆ రోజుల్లో. అమ్మమ్మ ఆరా తీయలేదు సరిగదా, కూతుర్ని కాపురానికి పంపిస్తూ ఒక్క మాట చెప్పింది. "ఆ ఇంటి మొదటి ముత్తైదువ పోయిందంటున్నారు. ఏటా ఆవిడకి చీర పెట్టుకో అమ్మా. నీ పసుపు కుంకుమలు ఆవిడే చూసుకుంటుంది." అమ్మ కాపురానికొచ్చిన మొదటి శ్రావణంలోనే పీట వేసింది. అప్పట్నుంచి ఒక్క ఏడు మానలేదు. అమ్మమ్మ కూడా కొవ్వూరు వచ్చి, బ్రిడ్జి దాటి, బస్సు మారి, ఆ శుక్రవారానికి తప్పకుండా వచ్చేది.

అమ్మకి తన చీరల మీద ఎప్పుడూ అంత శ్రద్ధ లేదు. పేరంటాలి చీర కొనాలంటే మాత్రం నన్ను వెంటేసుకుని రాజమండ్రి తాడితోటలో బట్టల షాపులన్నీ తిరిగేది. రంగు చూసి, అంచు చూసి, నేత వెలుతురుకి పట్టి చూసి, షాపువాళ్ళని ఏడిపించుకు తినేది. "ఆవిడకి మనం ఏడాదికోసారి పెట్టేది ఇదే కదా, నాసిరకం ఎలా పెడతాం?" అనేది. తనకి మాత్రం అదే షాపులో వాకిట్లో పరిచిన గుట్టలోంచి ఒక నూలు చీర లాక్కునేది.

పూజ రోజు మా నాన్న ఇంట్లో ఉండేవాడు కాదు. ప్రతి శ్రావణంలోనూ సరిగ్గా ఆ శుక్రవారమే చేలో నీరు పెట్టాల్సి వచ్చేది. ఇక నానమ్మ. నానమ్మ నోటికి ఊరంతా జడిసేది. అటువంటి మనిషి, అమ్మ గోడకి దణ్ణం పెడుతుంటే ఏమీ అనకుండా చెంగుతో మూతి తుడుచుకుంటూ నిలబడేది. పూజ అయిన మర్నాడు చీర సంచిలో పెట్టుకుని పెద్దాపురం బస్సెక్కేది. "పేరంటాలి చీర మనం కట్టకూడదే. మరిడమ్మ తల్లి గుళ్ళో ఇచ్చేసొస్తాను," అనేది. వెంట నన్ను రానిచ్చేది కాదు. జాతరకి కూడా తీసుకెళ్ళే మనిషి, ఈ ఒక్క ప్రయాణానికి మాత్రం నన్ను వద్దనేది. నాకు ఒళ్ళు మండేది.

నేను హైస్కూల్లో ఉండగా, ఎండాకాలం చివర్లో నానమ్మ పోయింది. పెద్దకార్యం రోజున దొడ్లో పందిరి వేసి ఊరందరికీ భోజనాలు పెట్టారు. ఆ మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. తెల్లటి వాయిల్ చీర కట్టుకుంది. ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా గడ్డిమేటు వెనక్కి వెళ్ళి, అక్కడున్న బోరింగు కొట్టుకుని కాళ్ళు కడుక్కుంది. ఆ బోరింగు పందిట్లోంచి చూస్తే కనపడదు. తర్వాత వడ్డించేవాళ్ళకి సాయంగా మంచినీళ్ళ బిందె అందుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

ఇక్కడ మా వంటింటి గుమ్మం గురించి చెప్పాలి. తాతల నాటి ఇల్లు. వంటింటి ద్వారబంధం పొట్టిది. కొత్తవాళ్ళెవరొచ్చినా ఠంగుమని నుదురు కొట్టుకోవలసిందే. అమ్మ కొత్త కోడలుగా వచ్చినప్పుడు నుదుటి మీద బొట్టుతో పాటు బొప్పి కూడా ఉండేదట. "వంగి దణ్ణం పెట్టనివాళ్ళని ఈ గుమ్మం ఊరుకోదమ్మా," అని నానమ్మ ముసిముసిగా నవ్వేదట. ఆ వచ్చినావిడ అమ్మకన్నా జానెడు పొడుగు. ఎవరితోనో మాట్లాడుతూ, గుమ్మం వంక చూడనైనా చూడకుండా, తల వంచి లోపలికి వెళ్ళింది. బిందె చంకనెత్తుకుని, మళ్ళీ తల వంచి బయటికి వచ్చింది.

అమ్మ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని అది చూసింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు బాగా గుర్తు. పప్పు కలపడం ఆపేసి, గుమ్మం వంక చూసింది, ఆవిడ వంక చూసింది, పందిట్లో నాన్న వంక చూసింది. ఆవిడ కనిపించిన దగ్గర్నుంచి నాన్న గేదెల పాక వైపు తిరిగి నిలబడ్డాడు. బంతిలో కూర్చున్న ముసలమ్మలు మాటలాపేసి విస్తళ్ళలోకి చూసుకుంటున్నారు. ఆవిడ భోంచేసి, నానమ్మ ఫొటోకి దణ్ణం పెట్టుకుని, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయింది.

చుట్టాలందరూ సర్దుకున్నాక, దీపాల వేళ, అమ్మ నాన్న ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆవిడెవరండీ?"

"ఎవరు?"

"మన వంటింట్లోకి తల వంచుకుని వెళ్ళినావిడ."

మా నాన్న చెడ్డవాడు కాదు, కోపిష్టి కాదు. నోట్లోంచి మాట రావడమే కష్టం. అవసరమైన చోట అసలు రాదు. అమ్మ ఆయన ముఖంలోకి చూస్తూ చూస్తూ, గోడ వైపు వేలు చూపించింది.

"పేరంటాలా?"

నాన్న తలూపాడు.

"బతికే ఉందా?"

"ఆయ్," అన్నాడు నాన్న, పెళ్ళాంతో కాక ఎవరో పెద్దమనిషితో మాట్లాడుతున్నట్టు.

"నేను కొబ్బరికాయ కొట్టి మొక్కుతుంటే ఇన్నేళ్ళూ చూస్తూ ఊరుకున్నారా?"

"చూళ్ళేకే చేలోకి వెళ్ళిపోయేవాణ్ణి," అన్నాడు.

ఊరందరికీ తెలుసునట. మా అమ్మకీ, నాకూ, గోదావరి అవతల అమ్మమ్మకీ మాత్రమే తెలియదు. అమ్మ ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది. "ఆవిణ్ణి చూసొస్తాను. చూసొచ్చాక చెప్తాను, ఈ ఇంట్లో ఉంటానో, మా అమ్మ దగ్గరికి పోతానో. ఎక్కడుంటుంది?" అంది. మరిడమ్మ గుడి వెనక వీధిలో, లెక్కల టీచరమ్మ ఇల్లంటే ఎవరైనా చెప్తారన్నాడు నాన్న. "అడ్రసు బాగానే వచ్చే!" అంది అమ్మ. తర్వాత ఆయనతో మాట్లాడటం మానేసింది.

ఆదివారం పొద్దున్నే అమ్మ బయల్దేరుతూ నన్ను కూడా రమ్మంది. నన్ను తీసుకెళ్తోంది కాబట్టి తిరిగొస్తుందని సంబరపడ్డాను. బస్సు సామర్లకోట చేరేసరికి తట్టింది, అమ్మమ్మ ఊరికి వెళ్ళిపోదలుచుకున్నా నన్ను తీసుకునే వెళ్తుందని. అక్కణ్ణుంచి కిటికీలోంచి ఏమీ చూడబుద్ధి కాలేదు.

పెద్దాపురంలో ఇల్లు తేలిగ్గానే దొరికింది. చిన్న పెంకుటిల్లు, అరుగు మీద తులసి కుండీ. తలుపు తీసినావిడ చిలకపచ్చ చీరలో ఉంది, ఆవపువ్వు రంగు అంచు. ఆ చీర కోసం తాడితోటలో నా కాళ్ళు పడిపోయేలా తిరిగాం. దారిలో అమ్మ ఏమేం కడిగెయ్యాలనుకుందో నాకు తెలియదు. నోట్లోంచి వచ్చిన మొదటి మాట మాత్రం ఇది.

"ఆ చీర నేను కొన్నదండి."

"తెలుసండీ. మీ సెలక్షన్ చాలా బాగుంటుంది. లోపలికి రండి," అంది ఆవిడ.

అమ్మ లోపలికి వెళ్ళింది గానీ కుర్చీలో కూర్చోలేదు. ఆవిడ కూడా కూర్చోలేదు. నేను మాత్రం కూర్చున్నాను. నాకు మంచినీళ్ళూ జంతికలూ పెట్టి, అమ్మ అడక్కుండానే ఆవిడ మొదలుపెట్టింది.

"మీ ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదండి. పెళ్ళినాటికి నా టీచర్ ట్రైనింగ్ సగంలో ఉంది. పరీక్ష రాయనివ్వమని అడిగాను. అత్తయ్యగారు వద్దన్నారు. 'మీ అమ్మగారితో ఒక్క మాట చెప్పండి' అని ఈయన్ని అడిగాను. వింటారు, తలూపుతారు, చెప్పరు. ఆషాఢమాసానికి పుట్టింటికొచ్చినదాన్ని పరీక్ష రాసేసి, శ్రావణం వచ్చినా తిరిగి వెళ్ళలేదు. పెద్దమనుషులు కూర్చుని తెగదెంపులు చేసేరు. కోర్టులో కూడా అయిపోయింది. మీ పెళ్ళికి ఏ వంకా లేదండి, భయపడకండి."

"మరి చచ్చిపోయేరని ఎందుకు చెప్పేరు?"

"పెళ్ళాం వదిలేసి పోయినవాడికి పిల్లనెవరిస్తారండీ? పోయిందంటే జాలిపడి ఇస్తారు. అత్తయ్యగారే వచ్చి అడిగేరు, 'నువ్వు పోయావని చెప్పుకుంటానే, ఏవనుకోకు' అని. నాకు నవ్వొచ్చింది. చెప్పుకోండి, ఆయనకీ ఓ సంసారం ఉండాలి కదా అన్నాను. మీ ఊరి ఛాయలకి రానని మాటిచ్చేను. ఆవిడ పోయారని తెలిసి ఉండబట్టలేక, ఒక్కసారి తప్పేను."

అమ్మ అప్పుడు కూర్చుంది. చీరలు ఇక్కడికెలా వచ్చాయని అడిగింది. మా నానమ్మ మరిడమ్మ గుళ్ళో ఇస్తానని తెచ్చిన చీరలన్నీ తెచ్చి ఇచ్చింది ఈ ఇంట్లోనేనట. మొదటి ఏడు చీర పట్టుకొచ్చి, ఈ అరుగు మీదే కూలబడి ఏడ్చిందట. "నీకు కొబ్బరికాయ కొడుతోందే ఆ పిల్ల, నేనేం చెయ్యనే!" అని. బతికున్న మనిషికి పెట్టిన చీర ఇంకొకళ్ళకిస్తే పాపం, ఇంట్లో ఉంచితే అరిష్టం, నిజం చెబితే కొడుకు కాపురం పోతుంది. ఇన్నిటి మధ్య మా నానమ్మకి తోచిన దారి పెద్దాపురం బస్సు. ఇద్దరూ కలిసి ఏడ్చి, కాసేపటికి నవ్వుకున్నారట.

"కోడలిగా ఉన్నన్నాళ్ళూ ఆవిడ నాతో మంచిగా మాట్లాడలేదండి. నేను చచ్చేకే మాట్లాడేరు," అంది ఆవిడ. "ఏటా వచ్చి, మధ్యాహ్నం దాకా ఉండి, మీ కబుర్లన్నీ చెప్పేవారు. తను నూలు చీర కట్టుకుని నీకు పట్టంచు కొంటోందే ఆ పిల్ల అనేవారు. అందుకే ఒక్క చీర కూడా దాచలేదండి. అన్నీ కట్టేను. స్కూలుకి కట్టుకెళ్తుంటే టీచర్లందరూ ఎక్కడ కొన్నారని అడిగేవారు."

అమ్మ ముఖంలో ఉన్నది కోపమో, ఏడుపో, నవ్వో నాకు తెలియలేదు. "బతికుండగా చంపేస్తే మీకు కోపం రాలేదా?" అంది.

"మొదట్లో తుమ్మినప్పుడల్లా నవ్వొచ్చేది, ఇంకా ఉన్నానే అని," అందావిడ. ఆ తర్వాత అన్న మాట నేను ఎన్ని చోట్ల తలుచుకున్నానో చెప్పలేను. "కానీ అత్తయ్యగారు ఏటా మీరేం కోరుకున్నారో కూడా చెప్పేవారండి. ఓ ఏడు పాపకి టైఫాయిడ్ అన్నారు, తగ్గాలని మొక్కుకున్నారన్నారు. నాకేం శక్తులున్నాయండీ? కానీ దణ్ణం నాకు పెట్టేరు కదా, నా దగ్గరే ఉంచేసుకుంటే మోసం కదా. మీ చీర కట్టుకుని మరిడమ్మ గుడికెళ్ళి, మీ తరఫున నేను మొక్కేను. ప్రతి ఏడూ అంతే. మీ మొక్కులన్నీ అమ్మవారికి అందించేసేను."

ఆ టైఫాయిడ్ పాపని నేనే. జంతిక నోట్లో పెట్టుకుని ఆవిడ వంక చూస్తూ ఉండిపోయాను. నాకు ఆ జ్వరం బాగా గుర్తు. నా మంచం చుట్టూ మా ఇల్లు మాత్రమే తిరిగిందనుకున్నాను అప్పటిదాకా. ఎక్కడో పెద్దాపురంలో ముఖం తెలియని మనిషి, నా కోసం గుడి మెట్లెక్కింది. పైగా ఏ ఇంట్లో ఆవిణ్ణి చంపేశారో ఆ ఇంటి పిల్ల కోసం. తర్వాత ఇంటర్ ఆవిడ దగ్గరే ఉండి చదివాను. లెక్కలు చెప్పింది, జడ వేసింది, పరీక్షల రోజుల్లో నాతో పాటు తనూ నిద్ర కాచింది. ఆ రెండేళ్ళలో ఆవిడ నాకు పెట్టిన అన్నం సంగతి చెప్పుకోవాలంటే మళ్ళీ మొదలెట్టాలి. కానీ నా ఋణం అంతకు ముందే, ఆ జంతిక దగ్గరే మొదలైంది. ఆవిడ ఆ ఇల్లు వదిలి రాకపోతే అసలు నేనే లేను. ఈ మాట నేనో రోజు అంటే, "అయితే నేను చేసిన మంచి పనుల్లో అదొకటి," అని నా నెత్తి మీద మొట్టింది.

తిరుగు బస్సులో అమ్మ నాతో, "ఆవిడ తప్పేం లేదు. మీ నానమ్మ పోయింది, ఆవిణ్ణేం అనను. ఇంక మీ నాన్నే," అంది. ఇంటికెళ్ళాక, నాన్న ఎదురుగానే నిలబడి, ముఖం మాత్రం నా వైపు పెట్టి చెప్పింది. "ఈ ఏడు ఏటిసూతకం, పూజ లేదు. కానీ శ్రావణ శుక్రవారం నాడు ఆవిణ్ణి భోజనానికి పిలిచేను. మా అమ్మ కూడా వస్తుంది. పోయిందని వీళ్ళు చెప్పింది మా అమ్మతో. పోలేదని కూడా మా అమ్మతోనే చెప్పాలి. నేను చెప్పను, పిల్ల చెప్పదు. ఈయనే చెప్పాలి. చెప్పకపోతే మా అమ్మతో పాటు సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను."

నాన్న తలూపాడు. ఆ తలూపడం చూసే నాకు భయం వేసింది. పెద్దాపురంలో దాని కథ విని వచ్చాను కదా.

శ్రావణ శుక్రవారం వచ్చింది. మా పడగ్గదిలో మంచం కింద అమ్మ సంచి సర్ది ఉంది. అందులో నా గౌన్లు కూడా పెట్టింది. ఆ రోజు నాన్న చేలోకి వెళ్ళలేదు. పొద్దుటి నుంచి వీధి అరుగు మీద కూర్చుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాడిలా చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు. అమ్మమ్మ ముందొచ్చింది. తర్వాత ఆవిడ వచ్చింది. అమ్మ ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తూ, ఆ కంగారులో వంటింటి గుమ్మానికి తనే ఠంగుమని తల కొట్టుకుంది.

"ఇన్నేళ్ళయినా అలవాటవలేదా!" అని ఆవిడ నవ్వుతూ అమ్మ నుదురు అరచేత్తో రుద్దింది. అమ్మ కూడా నవ్వేసింది.

అమ్మమ్మకి చూపు మందగించింది గానీ చెవులు పాము చెవులు. పీట మీద కూర్చుంటూ, "ఎవరమ్మా ఈ అమ్మాయి? ఇంటి గుమ్మం బాగా తెలిసినట్టుందే?" అంది.

అమ్మ చేతిలో అన్నం పళ్ళెం అలాగే ఆగిపోయింది. నాన్న అమ్మమ్మ ఎదురుగా, విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. మంచినీళ్ళ గ్లాసు ఎత్తి తాగాడు. దింపాడు. మళ్ళీ ఎత్తాడు, అందులో నీళ్ళు లేవు. నేను ఆయన నోటి వంకే చూస్తున్నాను. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టేశాను. పేరంటాలికి కూడా పెడదామనుకుంటే, ఆవిడ నా పక్కనే కూర్చుని ఉంది. పాపం, ఆవిడకే జాలేసింది. "దూరపు చుట్టాన్నండి," అని మొదలుపెట్టింది. అమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఆపేసింది.

"అత్తయ్యగారూ," అన్నాడు నాన్న.

"ఏంటి బాబూ?"

"ఈవిడ నా మొదటి భార్యండి. పోలేదండి. మా అమ్మ మాట విని, పోయిందని మీకు అబద్ధం చెప్పేను. ఈవిడ తప్పు లేదు. మీ అమ్మాయికీ తెలీదు. తప్పంతా నాదేనండి." అంత పొడుగు మాట మా నాన్న మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

అమ్మమ్మ చేతులు నేలకి ఆనించి లేచి, ఆవిడ దగ్గరికి వచ్చి, చూపు ఆనక ముఖంలో ముఖం పెట్టి చూసింది. బుగ్గలు తడిమింది. ఆవిడ కళ్ళు మూసుకుంది, ఏ మాటైనా పడటానికి సిద్ధపడ్డట్టు.

"ఏటా గోదావరి దాటొచ్చి నీకు దణ్ణం పెట్టుకున్నానే తల్లీ," అంది అమ్మమ్మ. "నా కూతురి పసుపు కుంకుమలు చల్లగా చూడమని అడిగేను. దాని పిల్లని చల్లగా చూడమని అడిగేను. అన్నీ చూసేవు కదా. చచ్చి చూసేవో బతికి చూసేవో నాకెందుకు? నీ ఋణం తీర్చుకోలేను." అని, అంత పెద్దావిడా, చేతులెత్తి ఆవిడకి మళ్ళీ దణ్ణం పెట్టింది.

అమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుని, నాన్న విస్తట్లో అన్నం వడ్డించింది. "కలుపుకోండి, చల్లారిపోతోంది," అంది. ఎండాకాలం తర్వాత అమ్మ ఆయనతో అన్న మొదటి మాట అది.

సాయంత్రం బస్సుకి అమ్మమ్మ ఒక్కతే వెళ్ళింది. మంచం కింద సంచి సంగతి అమ్మ పూర్తిగా మరిచిపోయింది. దాన్ని బయటికి లాగి, అమ్మ చీరలూ నా గౌన్లూ తీసి, మళ్ళీ బీరువాలో సర్దింది నేనే.